పాఠకుడు లేని రాత: డిగ్రీ తెలుగులో రచనా బోధనపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

డిగ్రీ తెలుగు ప్రశ్నపత్రాలలో దశాబ్దాలుగా చెక్కుచెదరని ప్రశ్న ఒకటి ఉంది: "కింది వానిలో ఒకదానిపై వ్యాసం రాయండి." ఆ ప్రశ్న కింద కనిపించే అంశాలు కూడా దాదాపు స్థిరమైనవే. పర్యావరణ కాలుష్యం, స్త్రీ సాధికారత, నిరుద్యోగ సమస్య, మాతృభాష ప్రాధాన్యం. జవాబు రాసే విద్యార్థి ఎక్కడివాడు, ఏమి చూశాడు, ఎవరికి చెప్పదలచుకున్నాడు అన్నవి ఆ ప్రశ్నకు పట్టవు.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు ప్రాంతంలోని కర్దనూర్ నుంచి డిగ్రీ కళాశాలకు వచ్చే విద్యార్థిని ఒకామెను ఊహిస్తే ఈ వైపరీత్యం స్పష్టమవుతుంది. ఆమె పెరిగింది ఔషధ, రసాయన కర్మాగారాలు విస్తరించిన నేలలో. ఇంట్లోనో వాడలోనో షిఫ్టు పనికి వెళ్లేవారు ఉంటారు. రాత్రివేళ గాలి వాసన మారితే కిటికీలు మూయడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. పరీక్షలో 'పర్యావరణ కాలుష్యం' వచ్చినప్పుడు మాత్రం ఆమె 'పర్యావరణం' అన్న పదానికి వ్యుత్పత్తి చెప్పి, కాలుష్యాన్ని గాలి, నీరు, శబ్దం అని విభజించి, మొక్కలు నాటాలన్న హితవుతో ముగిస్తుంది. ఆ వ్యాసంలో నక్కవాగు పేరు రాదు. రానందుకు మార్కులు తగ్గవు. వస్తే పెరుగుతాయన్న హామీ కూడా లేదు. తనకు తెలిసినదంతా పరీక్ష గది బయట వదిలి రావడమే ఆమెకు నేర్పిన రచన.

దీన్ని విద్యార్థుల అలసత్వంగానో, పాఠశాల విద్య పతనంగానో వివరించడం తెలుగు విభాగాలకు అలవాటు. ఆ వివరణ నిలవదు. పాఠకుడు లేని చోట, ప్రయోజనం లేని చోట, తిరగరాసే అవకాశం లేని చోట ఎవరి రాతైనా ఇలాగే ఉంటుంది. లోపం పాఠ్యక్రమంలో ఉంది. డిగ్రీ తెలుగులో రచనను ఒక ప్రశ్నగా కాక పూర్తి పత్రంగా, విద్యార్థి నివసించే చోటు నుంచి, నిజమైన పాఠకుల కోసం పునర్నిర్మించవలసి ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

శతాబ్దం కిందటి వివాదంలో మిగిలిపోయిన ప్రశ్న

కళాశాల విద్యార్థికి తెలుగు రచన ఎలా నేర్పాలన్న చర్చ కొత్తది కాదు. ఆధునిక తెలుగు భాషా చరిత్రలోని అతి పెద్ద వివాదంలో ఒక ప్రధాన ఘట్టం ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది. మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఇంటర్మీడియట్ విద్యార్థి తెలుగు రచనను ఏ తెలుగులో చేయాలన్న సమస్య ఇరవయ్యో శతాబ్దపు రెండో దశకంలో పండితులను రెండు పక్షాలుగా చీల్చింది. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగును సమర్థిస్తూ మెమొరాండం ప్రకటించారు. అదే కాలంలో జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ గ్రంథం వెలువరించారు. విశ్వవిద్యాలయ తెలుగు రచనా ఉపసంఘంలో సభ్యుడైన గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు.

వ్యావహారిక భాషోద్యమం చదివిన ప్రతివారికీ ఈ పేర్లు పరిచితమే. ఇందులో రెండు సంగతులు మాత్రం తగినంతగా చర్చకు రాలేదు. మొదటిది: గురజాడ అసమ్మతి పత్రం పుట్టింది సాహిత్య సిద్ధాంత చర్చలోంచి కాదు, తరగతి గదిలో విద్యార్థి రాయవలసిన రచన గురించి. నేటి విభాగాలు దాన్ని భాషా చరిత్ర పత్రంలో బోధిస్తున్నాయి. తమ రచనా బోధనకు దానితో సంబంధం ఉందన్న స్పృహతో చదవడం అరుదు. రెండవది: తెలుగు విద్యార్థి ఏ తెలుగు రాయాలో తేల్చడానికి పూనుకున్న ఆ ప్రధాన పత్రాలు మూడూ ఆంగ్లంలో ఉన్నాయి. నిర్ణయం తీసుకునే పాఠకుడు ఆంగ్లం చదివేవాడు కనుక పెద్దలు ఆంగ్లంలో రాశారు. ఎవరికోసం రాస్తున్నామో ఎరిగి రాయడం రచనకు ప్రాణమని వారి ఆచరణే చాటింది. ఆ పాఠాన్ని వివాదంలోని ఏ పక్షమూ విద్యార్థి రచనకు అన్వయించలేదు.

ఆనాడు విశ్వవిద్యాలయంలో గ్రాంథిక పక్షానిదే పైచేయి అయింది. కాలక్రమంలో శిష్టవ్యావహారికం గెలిచింది; పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు ఆ భాషలోనే వస్తున్నాయి. గెలిచింది భాషారూపం మాత్రమే. గ్రాంథిక బోధనకు పునాది అయిన అనుకరణ పద్ధతి యథాతథంగా మిగిలింది. మునుపు విద్యార్థి పూర్వకవుల ప్రయోగాలను అనుకరించేవాడు. ఇప్పుడు గైడులోని వ్యాసాన్ని అనుకరిస్తున్నాడు. మునుపటి నమూనాలో కనీసం భాషా సంపద ఉండేది. నేటి నమూనాలో అదీ లేదు. క్రియారూపాలు మారితే రచన మారినట్లేనని భావించడం వ్యావహారిక విజయంలోని పెద్ద భ్రమ. ఆ భ్రమను ఇంకా మోస్తున్నది తెలుగు విభాగాలే.

కర్దనూర్ చుట్టూ ఉన్న రాత

తెలుగు రాతకు నేడు సమాజంలో ఉపయోగం లేదని, ఉద్యోగమంతా ఆంగ్లంలోనే ఉందని ఒక వాదం వినిపిస్తుంది. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత చరిత్ర దీనికి విరుద్ధమైన సాక్ష్యం ఇస్తుంది.

ఇక్కడ రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. 1960లలో వచ్చింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలలో ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులోకి, దాని ద్వారా మంజీర వైపు పారాయి. ఆ కాలుష్యంపై ప్రజాప్రయోజన వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. రెండు దశాబ్దాలకు పైగా న్యాయవేదికల మీద నలిగింది. పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకుల బృందం 2007లో ప్రకటించినప్పుడు ఈ ప్రాంతం పేరు ప్రపంచ వైజ్ఞానిక పత్రికలకెక్కింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడు పదుల సంఖ్యలో కార్మికుల ప్రాణాలు తీసింది. మృతులలో ఇతర రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారు ఉన్నారు.

ఈ చరిత్రలో ప్రతి మలుపు దగ్గరా ఒక రాతప్రతి ఉంది. పంట పోయిన రైతు పెట్టుకున్న అర్జీ, అధికారి రాసిన తనిఖీ నివేదిక, న్యాయస్థానానికి సమర్పించిన ప్రమాణపత్రం, శాస్త్రవేత్తల పరిశోధన పత్రం, కర్మాగారం గోడ మీది హెచ్చరిక. వీటిలో తెలుగులో ఉన్నవి ఎన్ని, ఉన్నవాటిని చదివి అర్థం చేసుకోగలవారు ఎందరు అన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

గమనార్హమైన సంగతి ఏమంటే, చట్టం తెలుగును కోరుతూనే ఉంది. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్, కర్మాగారంలో ప్రదర్శించవలసిన నోటీసులు ఆంగ్లంతో పాటు అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని నిర్దేశించింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, బహిరంగ విచారణలో ప్రజలు లేవనెత్తిన అంశాలనూ వాటిపై దరఖాస్తుదారు వ్యాఖ్యలనూ స్థానిక భాషలో లేదా రాష్ట్ర అధికార భాషలో కూడా సిద్ధం చేయాలని చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం పౌరుడు ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. 1966 నాటి అధికార భాషా చట్టం నుంచి పాలనా భాషగా తెలుగుకు స్థానం ఉంది.

అంటే తెలుగులో స్పష్టంగా, కచ్చితంగా రాయగలవారి అవసరాన్ని చట్టాలు గుర్తించాయి. అటువంటివారిని తయారు చేయవలసిన విభాగాలు గుర్తించలేదు. ప్రతి ఏటా తెలుగు అభ్యసించి పట్టా పుచ్చుకునే వేలాది విద్యార్థులలో ఒక బహిరంగ విచారణకు హాజరై, అక్కడ వినిపించిన మాటలను వక్రీకరించకుండా రెండు పుటలలో నమోదు చేయడానికి శిక్షణ పొందినవారు ఎందరు? ఈ ప్రశ్నను ఏ పాఠ్యప్రణాళికా సంఘమూ తన సమావేశాలలో తప్పించుకోరాదు.

రెండు తప్పుదారులు

రచనా బోధన సమస్యను విశ్వవిద్యాలయాలు ఇప్పటిదాకా రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. రెండూ విఫలమయ్యాయి.

మొదటిది సంప్రదాయ వ్యాసం. ఇందులో విషయం ముందే నిర్ణయమై ఉంటుంది, అభిప్రాయం కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. స్త్రీ సాధికారత అవసరమా కాదా అని ఆ ప్రశ్న అడగదు. అవసరమేనని పది పేరాలలో చెప్పమంటుంది. అభిప్రాయభేదానికి తావు లేని చోట వాదన పుట్టదు. వాదన లేని చోట ఆధారం వెదకవలసిన పని లేదు. అందుకే విద్యార్థి వ్యాసాలలో సామెతలు, మహనీయుల సూక్తులు కనిపిస్తాయి గాని ఒక తేదీ, ఒక కొలత, ఒక సాక్షి మాట కనిపించవు. ఈ రచనను మూల్యాంకనం చేసే అధ్యాపకుడు కూడా నిజానికి పాఠకుడు కాడు. ఆయన చదవడు, ఉపశీర్షికలు లెక్కించి మార్కులు వేస్తాడు. శిబిరంలో రోజుకు కట్టలకొద్దీ జవాబుపత్రాలు దిద్దవలసిన వ్యక్తి మరో విధంగా చేయలేడు.

రెండవది ఇటీవలి 'నైపుణ్య' ధోరణి. ఉద్యోగార్హత పేరుతో లేఖారచన, ప్రకటన రచన, సంభాషణ నైపుణ్యం వంటి అంశాలు పాఠ్యక్రమంలోకి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. ఆచరణలో మాత్రం ఇవి ఖాళీలు పూరించే పత్రాలుగా మిగిలాయి. కుడివైపు తేదీ, ఎడమవైపు చిరునామా, 'ఆర్యా' అన్న సంబోధన, చివర 'ఇట్లు తమ విధేయుడు'. ఏ అధికారికి రాయాలి, ఆ అధికారికి ఏ మేరకు అధికారం ఉంది, ఏ వివరం లేకపోతే ఆ అర్జీ బుట్టదాఖలవుతుంది, ఎంత కటువుగా రాయవచ్చు అన్నవి బోధనలో లేవు. అర్జీని రూపంగా నేర్పి, అది చేయవలసిన పనిని వదిలేయడం వ్యాసబోధనలోని దోషానికి మరో ముఖం.

ఈ రెండు దారులలోని శూన్యాన్ని కృత్రిమ మేధ ఇప్పుడు బట్టబయలు చేసింది. 'పర్యావరణ కాలుష్యం'పై పది పేరాల తెలుగు వ్యాసాన్ని యంత్రం క్షణాలలో రాసి ఇస్తోంది. అధ్యాపకులు దీన్ని మోసంగా చూసి నిఘా పెంచాలంటున్నారు. వారు వేసుకోవలసిన ప్రశ్న వేరు. విద్యార్థి గురించి, ఆమె ఊరి గురించి ఏమీ తెలియని యంత్రం రాసినదానికి మంచి మార్కులు పడుతున్నాయంటే, ఆ ప్రశ్న అడిగినది విద్యార్థి జ్ఞానాన్ని కాదని తేలిపోయింది. గైడు చేస్తూ వచ్చిన పనిని యంత్రం మరింత వేగంగా చేస్తోంది. నిఘా పెంచడం వల్ల గైడు పోలేదు, యంత్రమూ పోదు. ప్రశ్న మారాలి.

ప్రత్యామ్నాయ పత్రం: ఒక రూపకల్పన

ఒక సెమిస్టరులో 15 బోధనా వారాలు ఉంటాయనుకుంటే, నాలుగు రచనలు చాలు. వాటి ఎంపికకు మూడు నియమాలు. ప్రతి రచనకూ పరీక్షకుడు కాక మరొక పాఠకుడు ఉండాలి. ప్రతి రచనకూ విద్యార్థి స్వయంగా సేకరించిన సామగ్రి ఆధారం కావాలి. ప్రతి రచనా కనీసం మూడు ప్రతులుగా మారాలి.

మొదటి రచన విన్నదాన్ని రాయడం. విద్యార్థి తన ఇంటివారిలో లేదా ఇరుగుపొరుగువారిలో ఒకరి పని గురించి వారి అనుమతితో విని, వారి మాటలలోనే ఒక ప్రతి రాస్తుంది. అదే విషయాన్ని ఆ ఊరు ఎరుగని పాఠకుడి కోసం రెండో ప్రతిగా మారుస్తుంది. మాట రాతగా మారేటప్పుడు ఏది పోయింది, ఏది స్పష్టమైంది అన్నది తరగతి చర్చ. వ్యావహారిక వివాదమంతా ఈ ఒక్క అభ్యాసంలో విద్యార్థికి అనుభవంలోకి వస్తుంది. గిడుగు, జయంతి వాదాలను ఆ తరువాత చదివితే అవి కంఠస్థం చేయవలసిన అంశాలుగా ఉండవు. తాను ఎదుర్కొన్న చిక్కుకు ఇద్దరు పెద్దలు ఇచ్చిన భిన్నమైన పరిష్కారాలుగా కనిపిస్తాయి.

రెండవ రచన పని మాటల కోశం. దీనికి తెలుగులో ఉజ్జ్వలమైన పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. క్షేత్రంలో తిరిగి, పనివారి నోట విని సేకరించిన పదాలవి. రియాక్టరు దగ్గర, బాయిలరు దగ్గర, ప్యాకింగు గదిలో పనిచేసేవారి మాటలకు అటువంటి శ్రద్ధ దక్కవలసి ఉంది. షిఫ్టు, గేట్‌పాస్, ఓవర్‌టైం, కాంట్రాక్టరు, మేస్త్రీ వంటి మాటలు ఈ నేలలో ఏ అర్థచ్ఛాయలతో వాడుకలో ఉన్నాయో, తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే కార్మికులు ఒకే చోట ఏ ఉమ్మడి పదజాలాన్ని కల్పించుకున్నారో విద్యార్థులు నమోదు చేయాలి. ఒక్కొక్కరు 25 పదాలు, నిర్వచనం, వాడుక వాక్యంతో తెచ్చినా 60 మంది తరగతి నుంచి 1500 ఆరోపాలు వస్తాయి. పునరుక్తులు తీసివేసిన తరువాత మిగిలేది కూడా విభాగం భద్రపరచదగిన పరిశోధన సామగ్రి.

మూడవ రచన తెలియజెప్పడం. ఒక రసాయనపు భద్రతా సూచనల పత్రం, ఒక తనిఖీ నివేదిక, పైన పేర్కొన్న 2007 నాటి పరిశోధన వంటి ఆంగ్ల రచనను తీసుకుని నక్కవాగు పక్కన వ్యవసాయం చేసే పాఠకుడికి అర్థమయ్యే రెండు పుటల తెలుగులోకి తేవాలి. బి.ఎస్సీ. విద్యార్థికి విషయం తెలుసు, తెలుగు అధ్యాపకుడికి భాష తెలుసు. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవలసిన అరుదైన తరగతి ఇది. 'లీటరుకు 31 మిల్లీగ్రాములు' అన్న అంకెను శాస్త్రం తెలియని రైతుకు భయపెట్టకుండా, తేలిక చేయకుండా ఎలా చెప్పాలన్నది ఏ అలంకారశాస్త్ర ప్రశ్నకూ తీసిపోని రచనా సమస్య.

నాలుగవ రచన వాదం. అది అర్జీ కావచ్చు, సమాచార హక్కు దరఖాస్తు కావచ్చు, పత్రికకు లేఖ కావచ్చు. అవతలి పక్షం తన మాటగా ఒప్పుకునేంత న్యాయంగా ఎదుటివాదాన్ని ముందు చెప్పడం ఇందులో నియమం. కర్మాగారం ఉపాధి ఇచ్చిందన్న వాదానికి బలం ఉంది. ఈ ప్రాంతపు ఇళ్లలో దాని విలువ తెలియనివారు లేరు. ఆ బలాన్ని గుర్తించకుండా రాసిన అర్జీ నినాదంగా మిగులుతుంది. సాహిత్య పఠనం ఇక్కడే తోడు రావాలి. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' కథలో భర్త నడతను మార్చే పనికి భార్య ఎంచుకున్న సాధనం ఉత్తరం. ఎవరు చదువుతారో, చదివి ఏమవుతారో ఊహించి రాసిన ఉత్తరం అది. తెలుగు ఆధునిక కథానిక ప్రారంభ దశలోనే రచనా బోధనకు ఇంతటి పాఠం ఉండగా, దాన్ని 'తొలి కథానిక అవునా కాదా' అన్న రెండు మార్కుల ప్రశ్నకు కుదించారు.

రాతను ఉమ్మడిగా దిద్దుకోవడం కొత్త ప్రయోగం కాదు. ఇటలీలో బార్బియానా అనే కొండపల్లె బడిలో చదివిన ఎనిమిదిమంది విద్యార్థులు తమను పరీక్షలలో తప్పించే విద్యావ్యవస్థపై కలిసి రాసిన లేఖ 1967లో పుస్తకంగా వచ్చింది. ఆ దేశపు విద్యా చర్చను అది కుదిపింది. బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో పాలో ఫ్రేరి 1963లో శ్రామికులకు అక్షరాలు నేర్పినప్పుడు వారి పనిలోని మాటలనే పాఠంగా తీసుకున్నాడు. పేద, శ్రామిక ప్రాంతాల విద్యార్థులు మొదట భాష 'బాగుచేసుకుని' ఆ తరువాత రాయాలన్న నమ్మకాన్ని ఈ రెండు ప్రయత్నాలూ తోసిపుచ్చాయి. చెప్పవలసినది ఉన్నప్పుడే భాష బాగుపడుతుంది.

ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనపై రాగల ఆక్షేపణలలో మొదటిది అధ్యాపకుల భారం. 60 మంది, నాలుగు రచనలు, మూడేసి ప్రతులు: మొత్తం 720. ఇంత దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు. దిద్దవలసిన అవసరమూ లేదు. మొదటి ప్రతిని ఐదుగురి జట్లలో విద్యార్థులే ఒకరిది ఒకరు చదువుతారు. అధ్యాపకుడు రెండో ప్రతిని మాత్రమే చదివి, అక్షరదోషాల వేటలో పడకుండా రెండు మూడు ప్రశ్నలు రాసి ఇస్తాడు. అవి 240, వారానికి 16. సెమిస్టరు చివర విద్యార్థి తానెంచిన ఒక్క రచనను మూడు ప్రతులతో సహా సమర్పిస్తే, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య జరిగిన మార్పుకు మార్కులు వేయాలి. అవి మరో 60. మొత్తం లెక్కవేసినా సగటు వారానికి 20 దాటదు. నింపవలసిన అధ్యాపక ఖాళీలను నింపకుండా ఈ పని కూడా అడగడం అన్యాయమన్నది నిజం. ఆ పోరాటం ఈ పత్రానికి ముందస్తు షరతు కారాదు.

రెండవది సాహిత్యం వెనుకబడుతుందన్న భయం. ఇది గౌరవించదగిన భయమే. సాహిత్య విభాగాన్ని అర్జీల కార్యాలయంగా మార్చాలని ఎవరూ కోరరు. అయితే నేటి పద్ధతిలో సాహిత్యం సురక్షితంగా ఉందని నమ్మేవారు విద్యార్థుల జవాబుపత్రాలు మరోసారి చూడాలి. కవి పరిచయం, సందర్భసహిత వ్యాఖ్య, సారాంశం గైడు నుంచి వస్తున్న చోట సాహిత్య పఠనం ఎప్పుడో ఆగిపోయింది. ఒక వాక్యాన్ని నాలుగుసార్లు తిరగరాసిన విద్యార్థికే మరొకరి వాక్యంలోని పనితనం కనిపిస్తుంది.

మూడవది ఏ తెలుగు అన్న ప్రశ్న. గ్రాంథికవాదులు ఒక మాట అన్నారు: ప్రాంతానికో తీరుగా రాస్తే ఉమ్మడి రాతభాష నిలవదని. ఆ ఆందోళనలో కొంత సత్యం ఉంది. దరఖాస్తు కర్దనూర్ దాటి ఎక్కడికి వెళ్లినా అర్థం కావాలి. అయితే ఆ దరఖాస్తు అన్న మాట, ఫిర్యాదు, పహాణీ, రసీదు అన్న మాటలు ఉర్దూ పాలన నుంచి వచ్చి తెలంగాణ ఇళ్లలో స్థిరపడినవే. రాతకు పనికివచ్చే పాలనా పదజాలం ఈ ప్రాంతపు విద్యార్థికి ఇంట్లోనే ఉంది. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరిపే కళాశాలలోనే, ఇంటి పలుకుబడి వ్యాసంలోకి వస్తే ఎర్రసిరా గీత పడడం పచ్చి వైరుధ్యం. పాఠకుణ్ణి బట్టి భాషను ఎంచుకునే వివేకం నేర్పాలి. ఆ ఎంపిక విద్యార్థి చేయాలి. దానికి కారణం కూడా ఆమే చెప్పాలి.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. కర్మాగారంపై బిడ్డ రాసిన అర్జీ తండ్రి ఉద్యోగానికి ముప్పు తేవచ్చు. కాంట్రాక్టు కార్మికుడిని మరునాటి నుంచి రావద్దనడానికి కారణం చెప్పే అలవాటు అన్ని చోట్లా లేదు. దీన్ని చిన్నచూపు చూసే అధ్యాపకుడు ఈ పత్రం బోధించడానికి అర్హుడు కాడు. రాయడం తప్పనిసరి, పంపడం విద్యార్థి ఇష్టం అన్న నియమం పాఠ్యప్రణాళికలోనే ఉండాలి. పేర్లు, ఇళ్ల గుర్తులు, పనిచేసే చోటి ఆనవాళ్లు మార్చడం నేర్పాలి. ఎవరి మాట విన్నారో వారికి చివరి ప్రతి చదివి వినిపించాలి, వద్దంటే ఆపాలి. విద్యార్థి ఇంటి కష్టం విభాగం ప్రచురణల జాబితాలో ఒక సంఖ్యగా మారకూడదు. ఇంతా చేసి పంపని అర్జీ వ్యర్థమా అంటే కాదు. ఎక్కడ, ఎవరికి, ఏ ఆధారంతో చెప్పాలో తెలిసి ఆగడం ఒక నిర్ణయం. తెలియక ఆగడం నిస్సహాయత. విద్య ఈ రెంటి మధ్య తేడా తేగలదు.

ముగింపు

గురజాడ అసమ్మతి పత్రానికి వందేళ్లు దాటాయి. ఆయన ఎవరి పక్షాన వాదించాడో ఆ విద్యార్థి నేడు ఇంటర్మీడియట్ దాటి డిగ్రీకి వచ్చాడు. ఆనాటి కళాశాలల గడప తొక్కే అవకాశం లేని కులాల నుంచి, కార్మిక కుటుంబాల నుంచి వచ్చాడు. విద్యార్థినులు పెద్దసంఖ్యలో వచ్చారు. వారి భాషలోనే రాయవచ్చని అనుమతి దొరికింది. రాయడానికి విషయం, చదవడానికి మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

ఈ పరిస్థితిని మార్చడానికి కొత్త చట్టమూ కొత్త నిధులూ అవసరం లేదు. పాఠ్యప్రణాళికా సంఘాలు రాబోయే సవరణలో చేయదగిన పనులు మూడు: సెమిస్టరు పరీక్షలోని సాధారణ వ్యాస ప్రశ్నను రద్దు చేయడం, ఒక పత్రాన్ని పూర్తిగా రచనకు కేటాయించి, అంతర్గత మూల్యాంకనంలో తిరగరాతకు మార్కులివ్వడం, ప్రతి కళాశాల తన ప్రాంతపు సామగ్రితో అభ్యాసాలు రూపొందించుకునే స్వేచ్ఛ కల్పించడం. సముద్రతీరంలోని కళాశాల పడవల గురించి, నేతపల్లెలోని కళాశాల మగ్గాల గురించి, పటాన్‌చెరులోని కళాశాల బాయిలర్ల గురించి రాయించుకోవచ్చు.

పాశమైలారం పేలుడు తరువాత ఆప్తుల కోసం ఆస్పత్రుల వద్ద, కర్మాగారం గేటు వద్ద నిలబడినవారికి అడుగడుగునా కాగితాలు ఎదురయ్యాయి: పేర్ల జాబితాలు, గుర్తింపు పత్రాలు, పరిహారపు దరఖాస్తులు. వాటిని చదివి చెప్పగల, రాసి ఇవ్వగల మనిషి అటువంటి సమయంలో ఒక కుటుంబానికి ఎంత అవసరమో వివరించనక్కరలేదు. ఆ మనిషి అదే ప్రాంతపు డిగ్రీ కళాశాలలో తెలుగు చదివిన విద్యార్థి కావాలి. తెలుగు విభాగాలు తమ రచనా పత్రాన్ని ఈ కొలతతో కొలుచుకోవాలి.